తప్పు చేతిది కాదు!

'స్టీరింగ్ సరిగ్గా పట్టుకోరా!'- విజయవాడ నుంచి గుంటూరు వెళ్తున్నంతసేపూ కొడుకుని కసురుతూనే ఉన్నారు మాస్టారు. ఎస్‌యూవీ మాత్రం ఎడమకే లాగుతోంది. మంగళగిరి దాటాక పక్కనున్న స్కూటర్‌కి జానెడు దూరంలో తప్పింది. ఆరోజు నుంచీ కుర్రాడు కారు తాళాలు ముట్టలేదు.

అప్పటికే రెండుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించారు. కంప్యూటర్‌లో అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. వారం తిరక్కుండానే మళ్లీ అదే లాగుడు. పైగా కుడివైపు ముందు టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది.

మూడోచోట పెద్ద మెకానిక్ కంప్యూటర్ జోలికే పోలేదు. ముందు టైర్లలో గాలి చూశాడు. బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటకమంది. 'బాల్ జాయింట్ వదులైంది సార్. ఇది ఊగుతుంటే కొలత ఎలా నిలుస్తుంది?' అన్నాడు. కొత్తది వేశాకే, చక్రం ఎటు వాలిందో చెప్పే క్యాంబర్‌నీ, ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్నాయేమో చెప్పే టోనీ సరిచేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చిన మాస్టారు తాళాలు కొడుకు చేతిలో పెట్టారు. 'రేపు గుంటూరుకి నువ్వే తోలాలి' అన్నారు. అంతకుమించి ఏమీ అనలేకపోయారు. కుర్రాడికి అది చాలు.