ఎత్తు మీద తొలి రాత్రి

జహీరాబాద్ సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడివాళ్లకు ఊపిరి ఒక సమస్య అవుతుందని తోచే సందర్భమే రాదు. ఇప్పుడు మాత్రం లేహ్, కేదార్‌నాథ్ వెళ్లేవాళ్లు, ఉద్యోగం మీద దూరదేశాలకు పోయే పిల్లలు ముందుగా వైద్య సలహాకు నా దగ్గరికొస్తున్నారు.

ఝరాసంగం వైపు చెరకు రైతు కొడుకు ఒకతను బొలీవియాలోని లా పాజ్ చేరిన రాత్రి వీడియో కాల్ చేశాడు. అక్కడి విమానాశ్రయమే 4,000 మీటర్ల పైన ఉంటుంది. "సార్, లోయ నిండా ఇండ్లే. నెత్తి మీదికెల్లి రోప్‌వే డబ్బాలు పోతున్నయ్, ఎనక మంచుకొండ. చూసుకుంట నిలబడ్డ. రెండంతస్తులు ఎక్కెటాళ్లకు గుండె దడదడ, తలకాయ పగులుతుంది. రోజూ జిమ్ముకు పోతగదా, నాకెందుకిట్ల?"

గాలిలో ఆక్సిజన్ ఎక్కడైనా 21 శాతమే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, లా పాజ్‌లో ఒక్కో శ్వాసకు అందేది సముద్రతీరంలో అందేదానిలో మూడింట రెండొంతులే. దానికి శరీరం అలవాటు పడాలంటే రోజులు కావాలి. కండబలం ఆ గడువును తగ్గించదు. 1962 చైనా యుద్ధం తర్వాత హిమాలయాల్లో ఎత్తు వల్ల జబ్బుపడిన 1,925 మంది సైనికుల గురించి వైద్యుడు ఇందర్ సింగ్ బృందం 1969లో రాసింది. వాళ్లూ కండబలం ఉన్నవాళ్లే.

ఫోన్ గోడకు ఆనించి, టైల్స్ గీత మీద మడమకు వేళ్లు తాకిస్తూ నడవమన్నాను. తూలలేదు. కూర్చున్నప్పుడు ఆయాసం లేదు, దగ్గు లేదు. మద్యం, నిద్రమాత్రలు వద్దని, తలనొప్పికి పారాసిటమాల్ వేసుకుని పడుకోమని చెప్పాను. నడక తూలినా, మాట తికమకపడినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆక్సిజన్ పెట్టించుకుని కిందికి దిగాలన్నాను. మెదడు వాపుకూ, ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికీ అవే గుర్తులు. మూడో రోజుకు తేరుకున్నాడు.

బీపీ ఉన్న ఒక పెద్దమ్మ విమానంలో లేహ్ వెళ్లి, మొదటి రెండు రోజులు గది దాటలేదు. తలనొప్పన్నదే లేకుండా తిరిగొచ్చింది. అందరికీ ఇలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను కానీ, ఆమె ఓపిక మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు.

శరీరం ఎత్తుకు అలవాటు పడటానికి అసిటజోలమైడ్ మాత్ర కొందరికి మేలు చేస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు. అందరికీ నేను చెప్పేది ఒక్కటే: టికెట్ కొనేటప్పుడే మొదటి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకండి. అంత దూరం పోయి పడుకోవడమేంటని మనసు పీకుతుంది. ఆ విశ్రాంతి కూడా ప్రయాణంలో భాగమే, అదే మిగతా రోజుల్ని కాపాడుతుంది.