ఆ పిట్ట ఏమైంది?

పాతికేళ్లకు పైగా నేను బోధిస్తూ వచ్చిన హదీసులలో అబూ ఉమైర్ (రజి) హదీసు ఒకటి. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ప్రసిద్ధ ఉల్లేఖనమది. హజ్రత్ అనస్ (రజి) గారి తమ్ముడైన ఆ పసివాడు ‘నుగైర్’ అనే చిన్న పిట్టను పెంచుకునేవాడు. దానితోనే అతని ఆట. ఒకనాడు అది చనిపోయింది. దైవప్రవక్త (స) ఆ ఇంటికి విచ్చేసినప్పుడు బాలుడు దిగాలుగా ఉండటం గమనించారు. పెద్దవారిని పిలిచినట్లు ‘అబూ ఉమైర్’ అని అతణ్ణి గౌరవంగా పిలిచి, నుగైర్ సంగతి అడిగి పలకరించారు.

మదర్సాలో ఈ హదీసును మేము బోధించే తీరు వేరు. పసివానికి ‘అబూ’తో మొదలయ్యే పేరు పెట్టవచ్చునా? పక్షిని పంజరంలో ఉంచడం ధర్మసమ్మతమేనా? మదీనా హద్దులలోని వేటకు వర్తించే నియమమేమిటి? అందులో హనఫీ, షాఫయీ పండితుల వాదాలేమిటి? హిజ్రీ నాలుగవ శతాబ్దికి చెందిన షాఫయీ పండితుడు ఇబ్నుల్ ఖాస్ ఈ ఒక్క హదీసు నుండి 60 దాకా ప్రయోజనాలను వెలికితీసి, ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రచించారు. అందులో కనీసం ఇరవైనైనా అప్పజెప్పలేని విద్యార్థిని నేను గట్టిగా మందలించేవాణ్ణి.

నాలుగేళ్ల క్రితం, షామీర్‌పేట వైపు ఒక మస్జిదులో అసర్ నమాజు తర్వాత నడిచే మక్తబులో చిన్నపిల్లలకు ఈ సంఘటన చెప్పాను. అక్కడికి వచ్చే పిల్లలు పగలంతా తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల బడులలో చదివేవారు. కొందరి ఇళ్లలో దక్కనీ, కొందరి ఇళ్లలో అచ్చంగా తెలుగే. తెలుగే ఇంటిభాషగా గల ఏడేళ్ల పాప ఒకతె చెయ్యెత్తింది.

“హజ్రత్, పిట్ట సచ్చిపోయినంక దాన్ని ఏం జేసిండ్రు? పాతిపెట్టిండ్రా?”

“ఆ సంగతి ఉల్లేఖనాలలో లేదు బేటీ” అన్నాను.

“మరి ఆ పిల్లగాడు మళ్ల నవ్విండా?”

నా వద్ద 60 జవాబులున్నాయి. ఆమె అడిగినదానికి ఒక్కటీ లేదు. ఆ రాత్రి మేడ్చల్‌కు తిరిగి వస్తూ దారి పొడవునా అదే ఆలోచించాను. దైవప్రవక్త (స) ఆ ఇంట్లో చేసిన మొదటి పని ఒక పసివాని దుఃఖాన్ని గమనించడం. పాతికేళ్లు పాఠం చెప్పిన నేను ఒక్కనాడైనా ఆ పసివాని ముఖం వైపు చూడలేదు.

మరునాడు ఫజర్ తర్వాత ఒక నోటుపుస్తకం తీసుకొని కూర్చున్నాను. అప్పటికి నా వయస్సు 53. అమెరికాలో లారా ఇంగాల్స్ వైల్డర్ అనే రైతు గృహిణి తొలి బాలల పుస్తకం 1932లో, ఆమె 65వ ఏట వెలువడిందని తర్వాత ఎవరో చెప్పగా విని కాస్త ఊరట పొందాను. కానీ ఆమె తన సొంత భాషలో రాసింది. నా చిక్కు వేరు. మేడ్చల్ సమీపంలోని మా పల్లెలో అయిదవ తరగతి వరకు సర్కారు బడిలో తెలుగు చదివాను. ఆ పైన చదువంతా ఉర్దూ, అరబీలలోనే. తెలుగులో బేరమాడగలను, పొలం గట్టు తగాదా తీర్చగలను, జుమా ప్రసంగం కూడా చేయగలను. కథ రాయడం మాత్రం ఎరుగను.

తొలి ప్రతిని మా కోడలికి ఇచ్చాను. ఆమె డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల. మర్యాదగా ఆసాంతం చదివి, “మామూ, ‘శోకసంతప్త హృదయుడై’ అంటే నాకే అర్థం కాలేదు. ‘ఏడుపొచ్చింది’ అని రాయరాదా?” అంది. పండితుణ్ణి కదా, మొదట నొచ్చుకున్నాను. పిమ్మట నేను ఏళ్ల తరబడి బోధించిన మరొక పుస్తకం గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను.

ఆ పుస్తకం మౌలానా అబుల్ హసన్ అలీ నద్వీ (రహ్మతుల్లాహి అలైహి) రచించిన ‘ఖససున్నబియ్యీన్’. మన దేశంలో అరబీ నేర్చుకునే పిల్లలలో ఎందరో ఆ ప్రవక్తల గాథలతోనే పఠనం మొదలుపెడతారు. మౌలానా దానిని తమ అన్నగారి కుమారుణ్ణి దృష్టిలో ఉంచుకొని రాశారు. అరబ్బు పండితులు సైతం మెచ్చిన గొప్ప అరబీ శైలి ఆయనది. అయినా ఆ పుస్తకంలో మాత్రం వాక్యాలు జానెడే. వచ్చిన మాటే మళ్లీ మళ్లీ వస్తుంది. కొత్త మాట ఒకటి ప్రవేశించిందంటే దానికి తోడుగా పాత మాటలు పది నిలబడతాయి. దానిని నేను వ్యాకరణం నేర్పడానికే వాడాను. అంతటి విద్వాంసుడు పసివాని కోసం తన పాండిత్యాన్ని గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లాడన్న సంగతి నాకు 53 ఏళ్లకు గాని స్ఫురించలేదు. మన హైదరాబాదులోనే 1897లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు కూడా జామియా మిల్లియా బాధ్యతలు మోస్తూనే పిల్లలకు ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ కథ చెప్పారు. రాష్ట్రపతి పదవి ఆ తర్వాతి మాట.

కానీ తెలుగు వాక్యం నడక ఎవరి దగ్గర నేర్చుకోవాలి? ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవాలి.

దాదాపు ఇరవై ఏళ్ల క్రితం మా అబ్బాయి మేడ్చల్ బస్టాండులో ‘చందమామ’ సంచిక ఒకటి కొని తెచ్చుకున్నాడు. 1947 జూలైలో మద్రాసు నుండి తెలుగు, తమిళ భాషలలో మొదలై, తరాల తెలుగు పిల్లలకు చదవడం నేర్పిన పత్రిక అది. నేను తెరిచేసరికి చెట్టు మీది శవం, అందులోని బేతాళుడు కనిపించారు. మౌల్వీ ఇంట్లో భేతాళ కథలా అని మందలించి పుస్తకం లాక్కొని ఇనుప ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. విశ్వాసం విషయంలో నా జాగ్రత్త తప్పని ఇప్పటికీ అనను. అయితే ఒక పుస్తకం లాక్కున్నవాణ్ణి, దాని స్థానంలో మరొకటి చేతిలో పెట్టలేదు. పెట్టడానికి మన వద్ద తెలుగులో ఏముంది అని కూడా ఆలోచించలేదు. వాడు మళ్లీ ఏ కథల పుస్తకమూ ఇంటికి తేలేదు. పరీక్షలకు తప్ప చదవనూ లేదు.

ఆ పెట్టె తెరిచాను. సంచిక అలాగే ఉంది, అంచులు మాత్రం పసుపుబారాయి. పెన్సిల్ పట్టుకొని విద్యార్థిలా చదివాను. కథ ఎక్కడ మొదలవుతుంది, మాట ఎక్కడ తెగుతుంది, రాజు కోపాన్ని ఎన్ని పదాలలో చెప్పారు అని లెక్కపెట్టాను. నేను నిషేధించిన పుస్తకమే నాకు ఉస్తాద్ అయింది. నా కథ ఏడుసార్లు తిరగరాశాక పదహారు పేజీలకు కుదించుకుపోయింది.

ఆ తర్వాత బొమ్మల సమస్య. తోటి ఉపాధ్యాయులొకరు ప్రాణుల చిత్రాలు వద్దే వద్దన్నారు. ఆయన అభ్యంతరాన్ని తేలికగా తీసుకోలేదు. పసితనంలో హజ్రత్ ఆయిషా (రజి) వద్ద బొమ్మలుండేవని, వాటిలో రెక్కల గుర్రమొకటి చూసి దైవప్రవక్త (స) నవ్వారని అబూ దావూద్‌లో ఉంది. పిల్లల విషయంలో పండితులు కొందరు దీని ఆధారంగానే వెసులుబాటు ఇచ్చారు. చివరకు మనుషుల బొమ్మలు అసలే వద్దని, పిట్టను మాత్రం వెనుక నుండి గీయించాలని రాజీ కుదిరింది. బొమ్మలు గీసిన కాలేజీ విద్యార్థినిని, ఆమె తల్లిని వెంటబెట్టుకొని షామీర్‌పేట చెరువు కట్ట మీదికి వెళ్లాం. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్ష పందిళ్లుండేవి. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు, ప్లాట్ల హద్దురాళ్లు. అయినా పిట్టలు ఇంకా వస్తున్నాయి. పంజరం, గుమ్మం, గుమ్మం ముందు చిన్న చెప్పుల జత, వాటి పక్కన పెద్ద చెప్పుల జత. ఆమె గీసిన వాటిలో నాకు నచ్చినది ఆ చెప్పుల పేజీ.

ఛత్తాబజార్‌లో 500 ప్రతులు వేయించాను. అచ్చుకు ఇచ్చేటప్పుడు ఫాంటు మారి మొదటి ప్రూఫులో ఒత్తులన్నీ ఊడిపడ్డాయి. ‘పిట్ట’ ‘పిట’ అయింది. దిద్దించడానికి మూడుసార్లు బస్సెక్కాను. ఖర్చు పూర్తిగా తిరిగి రాలేదు. ఇంకా నూరు ప్రతులు మంచం కింద ఉన్నాయి.

మొదటి ప్రతిని ప్రశ్న అడిగిన పాపకే ఇచ్చాను. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్లు నిండాయి. బొమ్మలు తిరగేసి, “ఈ పిట్ట మన మీద అలిగిందా హజ్రత్? అటు మళ్లి కూసుంది” అంది. ఆ తర్వాత పెదవులు కదుపుతూ చివరిదాకా చదివింది. బాలుడు నవ్వాడని నేను రాయలేదు. ఉల్లేఖనంలో లేనిదాన్ని దైవప్రవక్త (స) సన్నిధిలో జరిగినట్లు రాయడానికి నా చెయ్యి ఆడలేదు. “నీ నేస్తానికి బాధ కలిగినప్పుడు నీవైతే ఏమని పలకరిస్తావు?” అని అడిగి, కింద నాలుగు గీతలు ఖాళీగా విడిచాను. ఆమె పెన్ను అడిగి తీసుకుంది. ఏం రాసిందో నాకు చూపలేదు.

మొన్న రంజాన్‌కు మా అబ్బాయి జిద్దా నుండి వచ్చాడు. తన కూతురికి నా పుస్తకం చదివి వినిపిస్తుంటే తలుపు వెనుక నుండి విన్నాను. ఇఫ్తార్ అయ్యాక పెట్టెలోని చందమామ తీసి వాని చేతిలో పెట్టాను. “నీది, ఇన్నాళ్లూ నా దగ్గరే ఉండిపోయింది” అన్నాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత సీరియల్ ఉన్న పేజీ వెతికి, చివర ‘ఇంకా ఉంది’ అన్న చోట వేలు పెట్టాడు.

“తర్వాత ఏమైందో నాకిప్పటికీ తెలియదు అబ్బా” అన్నాడు.

ఆదివారాలలో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. జొహర్ లోపు తిరిగి రాగలిగిన రోజుల్లో వెళ్లి ఆ తర్వాతి సంచిక కోసం వెతుకుతున్నాను. ఇంకా దొరకలేదు.