నేలమాళిగలో పొయ్యి

మన ఇళ్లలో పొయ్యి అంటే వంటకే. చలిదేశాల్లో ఇంకో పొయ్యి ఉంటుంది. దాని మీద అన్నం ఉడకదు, ఇంట్లో మనుషులు గడ్డకట్టకుండా చూస్తుంది, అంతే! షికాగో దగ్గర మా చెల్లెలింట్లో అది బేస్‌మెంటులో ఇనప్పెట్టెలా నిలబడి ఉంటుంది. పేరు ఫర్నేస్. 2019 జనవరి 30న ఆ ఊళ్లో చలి సున్నాకి 30 డిగ్రీలు దిగువకి పోయిందంటే, ఆ పెట్టె విలువ మీరే ఊహించుకోండి.

మా అమ్మమ్మ రాత్రిళ్లు పిడక నిప్పుని బూడిదలో దాచేది. పాతకాలం ఫర్నేసుల్లోనూ అంతే, పైలట్ అనే బుల్లిదీపం రాత్రింబవళ్లు వెలుగుతూ ఉండేది. అది ఆరితే పక్కనున్న థర్మోకపుల్ చల్లబడి గ్యాసు ఆగిపోయేది. ఇప్పటివాటిలో ఆ అఖండదీపం లేదు. ఇల్లు చల్లబడగానే థర్మోస్టాట్ కబురు పెడుతుంది. ముందు చిన్న ఫాన్ తిరుగుతుంది. పొగ పోయే దారి సరిగ్గా ఉంటేనే తర్వాతి పని. అప్పుడు ఇగ్నైటర్ అనే చిన్న పుల్ల ఎర్రగా కాలుతుంది, గ్యాసు వస్తుంది, మంట భగ్గుమంటుంది. ఆ మంటలో ఉన్న సన్నటి కడ్డీ "అంటుకుంది" అని సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే కొన్ని సెకన్లలో గ్యాసు బంద్! రెండు మూడుసార్లు ప్రయత్నించి, ఆనక అలిగి కూర్చుంటుంది.

చెప్పొద్దూ, నేనున్నప్పుడే అలిగింది. అర్ధరాత్రి, బయట మంచు, ఇంట్లో మూడు నెలల పసివాడు. మరిదిగారు ఊళ్లో లేరు. మంట వస్తోంది, ఆరిపోతోంది. నేను పిల్లాణ్ణి రెండు శాలువల్లో చుట్టి గుండెకి అదుముకున్నాను.

"కంగారు పడకక్కా, టార్చి పట్టుకో చాలు" అంది చెల్లెలు. కరెంటూ గ్యాసూ కట్టేసింది. కడ్డీ ఊడదీసి, సన్నటి స్టీలు పీచుతో మెల్లగా తోమింది. పెళ్లికి ముందు గిన్నె తోమమంటే ఏడ్చిన పిల్ల! తిరిగి బిగించగానే మంట నిలబడింది.

మంటలోంచి ఆ కడ్డీకి పారే కరెంటు ఆంపియర్‌లో పది లక్షల వంతులు కొన్నేనట. పైన సన్నటి పొర పట్టినా చాలు, సాక్ష్యం చెల్లదు. ఫిల్టరు దుమ్ముతో పూడుకుపోతే ఒళ్లు వేడెక్కి ఆగుతుంది. బయటి గొట్టానికి మంచు అడ్డుపడితే మంటే రాదు. ఇగ్నైటర్ చిట్లితే కొత్తది వెయ్యాల్సిందే, దాన్ని జిడ్డు చేత్తో ముట్టుకోకూడదు.

వీటికి ఉపాయాలున్నాయి గానీ, గ్యాసు వాసన వచ్చిందంటే మాత్రం స్విచ్చి కూడా తాకకుండా అందరూ బయటికి వచ్చేసి, అక్కణ్ణించి ఫోన్ చెయ్యాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి ఆ వాసనైనా ఉండదు. అందుకే దాన్ని కనిపెట్టే అలారం మేడ మీద ఒకటి, కింద ఒకటి పెట్టింది చెల్లెలు.

మా అమ్మ వారం వారం ఫోన్‌లో అడుగుతుంది, "చలికెలా ఉంటున్నారే?" అని. "వెచ్చగానే ఉన్నామమ్మా" అంటుంది చెల్లెలు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పదు. నేనూ చెప్పలేదు.