ఆ నవ్వు ఆయనది కాదు



నా చిన్నతనములో మా ఊరి బడి ముందు తెల్లని దుప్పటి కట్టి "కరుణామయుడు" చిత్రము చూపించారు. 1978లో వచ్చిన ఆ చిత్రమును సువార్త బృందములు ఎన్నో పల్లెలకు తీసికొనిపోయాయి. ఆ రాత్రి మధ్యలో ఫిల్ము తెగింది. ఆపరేటరు అతికించి పారవేసిన ముక్కను ఏరుకొని, తెల్లవారిన తరువాత ఎండకు ఎత్తి చూచాను. పది పన్నెండు బొమ్మలు, అన్నీ ఒకటే అనిపించాయి. తేరిపార చూస్తే ఒక్కొక్క బొమ్మలో చెయ్యి కొంచెం పైకి లేస్తున్నది. ఇటువంటి నిలిచిన బొమ్మలు సెకనుకు 24 చొప్పున కంటిముందు నడిస్తే అదే కదలిక అవుతుందని నాకు చాలాకాలము తరువాత గాని తెలియలేదు. ఆ ముక్క నా బైబిలులో ఎన్నో ఏండ్లు ఉండిపోయింది.

ఇక్కడ ఉక్కునగరంలో, కూర్మన్నపాలెం వైపు ఫొటో స్టూడియోలో పనిచేసే యౌవనస్థుడొకడు మా సంఘములో ఉన్నాడు. క్రిస్మస్‌కు ఫోనులో పంపడానికి వెలిగే కొవ్వొత్తి బొమ్మ చేసిపెట్టమంటే, "నేర్పుతాను, మీరే చేసుకోండి అయ్యగారూ" అన్నాడు. ఫొటోషాప్‌లో కొవ్వొత్తి ఫొటోను మూడు పొరలుగా నకలు తీశాము. ఒకదానిలో మంట నిటారుగా, ఒకదానిలో కుడికి, ఒకదానిలో ఎడమకు. టైమ్‌లైన్ తెరచి ఆ పొరలను ఫ్రేములుగా మార్చి, ఒక్కొక్కటి సెకనులో పదోవంతు నిలిచేటట్లు పెట్టి, జిఫ్‌గా భద్రపరచాము. జిఫ్ అనేది 1987లో కంప్యూసర్వ్ అనే అమెరికా కంపెనీ తెచ్చిన పద్ధతి. ఒక్కో బొమ్మకు 256 రంగులే కనుక ఫొటోలు కొంచెం మచ్చలు పడినట్టు వస్తాయి. ఫొటోషాప్ కొనలేనివారికి గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. అందులోనూ పని ఇంచుమించు ఇంతే. నాకు మంటకంటె తెలుగు అక్షరములే ఎక్కువ కష్టము పెట్టాయి. సెట్టింగులలో దక్షిణాసియా భాషల పద్ధతి ఎంచుకొనేవరకు "క్రీస్తు" అనే మాటలో వత్తులు ఊడి పక్కన నిలబడ్డాయి. పాస్టరు పంపే కార్డులో ఆ మాటే ముక్కలైతే ఎట్లా చెప్పండి!

సంఘ పెద్ద ఒకరు, "బొమ్మలు చేయడం మనకు తగునా?" అన్నారు. "సండేస్కూలులో ఫ్లానెల్ బోర్డు మీద జక్కయ్యను చెట్టెక్కించి దింపేది మీరే గదండీ" అన్నాను. నవ్వి ఊరుకొన్నారు.

ఆ కొవ్వొత్తిని చూచి ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త, ఉక్కు కర్మాగారము కొరకు భూమి పోయిన కుటుంబములోనుండి అక్కడే ఉద్యోగములో చేరి, రిటైరై, నాలుగేండ్ల క్రిందట ప్రభువునందు నిద్రించారు. సంచిలోనుండి పాస్‌పోర్టు సైజు ఫొటో తీసి, "మనవరాలు తాతను చూడనేదు అయ్యగారూ. ఆ దీపంనాగ ఈయన్ని ఒక్కపాలి కదిలించండి" అన్నది.

రెండు రాత్రులు కూర్చున్నాను. పక్క చర్మమును క్లోన్ స్టాంపుతో తెచ్చి కండ్లమీద కప్పితే రెప్ప మూసినట్టయింది. లిక్విఫై అనే పనిముట్టుతో పెదవుల కొసలు పైకి లాగితే చిరునవ్వు వచ్చింది. మూడు సెకన్లు కండ్లు తెరచి, పదోవంతు సెకను మూసి, పిమ్మట నవ్వేటట్లు చేశాను. నా భార్య చూచి ఉలిక్కిపడింది. గర్వపడ్డాను, దాచను.

ఆ తల్లి మూడుసార్లు చూచింది. ఫోను ఒడిలో బోర్లా పెట్టింది.

"ఈయన ఇలగ నవ్వరు అయ్యగారూ. ముందు పన్ను ఇరిగిపోనాది గదా, సెయ్యి అడ్డం ఎట్టుకొని నవ్వీవోరు. ఇదెవరో."

నా దగ్గర జవాబు లేకపోయింది. మనవరాలికి తాతను చూపించబోయి, తాత ముఖములో ఎవరో పరాయివాని నవ్వు పెట్టాను. ఆ బిడ్డ అదే నిజమనుకొని పెరిగేది. 2021లో మై హెరిటేజ్ అనే సంస్థ డీప్ నోస్టాల్జియా అని ఒకటి తెచ్చింది. పాత ఫొటో ఇస్తే తల తిప్పుతుంది, రెప్పలార్పుతుంది. చూచినవారు కన్నీళ్లు పెట్టుకొన్నారు. అయితే ఆ కదలికలు ముందే వీడియో తీసి ఉంచిన వేరే మనుష్యులవి. వాటిని మన ఫొటోకు తొడుగుతారు. నేను చేతితో చేసిందీ అదే గదా.

ఆమె ముందే దానిని తుడిచివేసి, "ఇంట్లో ఇంకేమి ఫొటోలున్నాయమ్మా?" అని అడిగాను. మరునాడు బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో నాలుగు దొరికాయి. పెండ్లినాటిది ఒకటి. హెల్మెట్ పెట్టుకొని తోటివారితో నిలబడినది ఒకటి. మన గుడి ప్రేమవిందులో బకెట్టు పట్టుకొని వడ్డిస్తున్నది ఒకటి. నాలుగవది కూతురి పెండ్లిలో ఎవరో అనుకోకుండా తీసినది: ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు.

వాటిని స్కాను చేసి, ఒక్కొక్కటి రెండు సెకన్లు నిలిచి మెల్లగా మరొకదానిలో కరిగిపోయేటట్లు మధ్యలో ఐదేసి ఫ్రేములు వేయించాను. ఆయన ముఖమును ఎక్కడా ముట్టుకోలేదు. చివరిది ఇంకా కొంతసేపు ఉండాలని ఆమె కోరింది. ఐదు సెకన్లు పెట్టాను. "సాలదు" అన్నది. పది పెట్టాను.

గత ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆమె గుడి మెట్లమీద కూర్చొని మనవరాలికి చూపిస్తున్నది. ఆ పిల్లకు మూడేండ్లు. నాలుగవ ఫొటో రాకముందే తన చిన్న చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకొని, అది వచ్చేవరకు అట్లాగే ఉన్నది.