జోడు కుదరాలి

2025 దసరాకు ముందు సంగతి. సాయంత్రం దుకాణం షట్టర్ సగం దించి లెక్క చూసుకుంటున్నాను. మా వీధిలోనే ఉండే నేత మనిషి ఒకాయన లోపలికి వంగి వచ్చాడు. నాకంటే రెండేళ్లు చిన్న. చిన్నప్పట్నుంచీ అన్నా అనే పిలుస్తాడు.

"అన్నా, మా అమ్మాయికి ల్యాప్‌టాప్ గావాలె. కాలేజీల అడుగుతున్నరంట. నాకు తెల్వదు, నువ్వే మంచిది జూసి తెప్పియ్యి" అని జేబులోంచి మడిచిన నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై వేలు. రెండు నెలలుగా కూలి డబ్బుల్లోంచి దాచినవట. నేను లెక్కపెట్టబోతే వద్దన్నాడు.

గద్వాల బస్టాండుకు దగ్గర్లో నాది చిన్న డీటీపీ, జిరాక్స్ దుకాణం. ఇరవై ఏళ్లు దాటింది. ఊళ్లో ఎవరికి కంప్యూటర్ కావాలన్నా, పాడైనా ముందు నా దగ్గరికే వస్తారు. ఆ నమ్మకమే ఆ రోజు నన్ను కాస్త తొందరపెట్టింది.

ఇరవై వేలకు కొత్త ల్యాప్‌టాప్‌లలో పనికొచ్చేది దొరకడం కష్టం. వాడినదాన్ని బాగుచేసి అమ్మేవాటిలో మంచివి దొరుకుతాయి. అయితే అప్పట్లో ఓ చిక్కు ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా మరమ్మతులు ఆగిపోతున్నాయి. విండోస్ 11 వేసుకుందామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతిదో కావాలి. చేతిలో ఉన్న డబ్బుకు వచ్చేవేమో అంతకంటే పాతవి. యంత్రం దుక్కలా ఉంటుంది, పని చక్కగా చేస్తుంది, కానీ సాఫ్ట్‌వేర్ మాత్రం "నీ వయసైపోయింది" అంటుంది.

నాకు వెంటనే లినక్స్ గుర్తొచ్చింది. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన కెర్నల్ అది. దానికి ముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు తయారుచేసిన పనిముట్లు దానికి తోడయ్యాయి. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా లోపల ఎలా ఉందో చూసి మార్చుకోవచ్చు. పైసా కట్టనక్కర్లేదు. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేశారు. ప్రభుత్వ రంగంలోని సీడాక్ 'బాస్' పేరుతో మన భాషలకు మరొకటి తెచ్చింది. పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్ మీద కూడా ఇవి హాయిగా నడుస్తాయి. ఆ అమ్మాయికి కావలసిందల్లా పాఠాలు వినడం, ప్రాజెక్టు రాయడం, కొంచెం ప్రోగ్రామింగ్. అన్నిటికీ సరిపోతుంది.

ఫలానా మోడల్ లినక్స్‌తో బాగా పనిచేస్తుందని ఎక్కడో చదివాను. అదే మోడల్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. నాలుగో రోజుకు వచ్చింది. రాత్రికి రాత్రే లినక్స్ ఎక్కించాను. తెర వెలిగింది, పాట వినిపించింది. వైఫై మాత్రం లేదు! ఎంత వెతికినా చుట్టుపక్కల ఒక్క నెట్‌వర్కూ కనిపించలేదు. అసలు ఆ యంత్రంలో వైఫై అనేదే లేనట్టు కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే తండ్రీ కూతురూ వచ్చారు. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో పట్టుకున్న తీరు చూస్తే నాకు నోట మాట రాలేదు. విషయం చెప్పాను. తండ్రి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మేం పడుగు వేసేటందుకు ముందే అన్ని జూసుకుంటం గదన్నా. నువ్వు జూడలేదా?" అన్నాడంతే.

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మా నాన్న కూడా నేత మనిషే. గద్వాల చీర అంటే లోకానికి తెలిసింది దాని అందం. నేసేవాడికి తెలిసింది దానిలోని తకరారు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. లాగితే ఒకటి సాగినంత రెండోది సాగదు. కుట్టు అంచు నేయాలంటే మూడు నాడెలు, మగ్గం దగ్గర ఇద్దరు మనుషులు. అంచు పేకను, ఒంటి పేకను పోగు పోగుకూ ఒకదానిలో ఒకటి మెలేస్తూ పోవాలి. అంచు రంగు పక్కాగా లేకపోతే మొదటి ఉతుకులోనే చీర మీదంతా పాకుతుంది. అందుకే ఏ పోగుకు ఏ పోగు జోడో మగ్గం ఎక్కకముందే తేల్చుకుంటారు. సగం నేశాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చీర వెనక ఉన్నది ఆ ముందుచూపే. అలాంటి ఇంట్లో పుట్టి, నేను పెట్టె మీది పేరు చూసి కొన్నాను. పొట్టలో ఏముందో చూడలేదు.

నిజానికి ఈ దెబ్బ నాకిది మొదటిది కూడా కాదు. 2007లో ఉబుంటు సీడీ కోసం పేరూ చిరునామా రాసి పంపితే ఉచితంగా పోస్టులో వచ్చింది. అప్పట్లో అలా ప్రపంచమంతా పంపేవాళ్లు, 2011లో ఆపేశారు. విదేశీ కవరు చూసి పోస్ట్‌మ్యాన్ "ఏ దేశం సార్?" అని అడిగితే గొప్పగా ఫీలయ్యాను. సీడీ వేశాను, అంతా వచ్చింది. కంప్యూటర్ లోపలి డయలప్ మోడెమ్ మాత్రం మూగనోము పట్టింది. ఎందుకో తర్వాత తెలిసింది. ఆ చవక మోడెమ్‌లు సొంతంగా చేయాల్సిన పనిలో సగం విండోస్‌లోని సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పేవి. విండోస్ లేకపోతే అవి ఉత్త రేకుముక్కలు. బయట పెట్టుకునే పాతకాలపు మోడెమ్ అయితే ఏ గొడవా లేకుండా పలికేది. ఆ పాఠం పద్దెనిమిదేళ్లలో మర్చిపోయాను.

అసలు తకరారు ఎక్కడొస్తుందంటే... కంప్యూటర్‌లోని ప్రతి భాగానికీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య ఓ దుబాసీ కావాలి. దాన్నే డ్రైవర్ అంటారు. విండోస్‌కైతే భాగం తయారుచేసిన కంపెనీయే దుబాసీని రాసి ఇస్తుంది. లినక్స్‌లో చాలావరకు దుబాసీలు కెర్నల్‌లోనే కాపురం ఉంటారు. కంపెనీ తన చిప్పు వివరాలు బయటపెడితేనో, తానే డ్రైవర్ రాసి ఇస్తేనో ఆ భాగం పెట్టగానే పనిచేస్తుంది. వివరాలు దాచుకుంటే మాత్రం ఎవరో ఔత్సాహికులు ఆ చిప్పు ప్రవర్తన గమనించి, ఊహించి, నెలల తరబడి కూర్చుని రాయాలి. అందుకే కొన్ని చిప్పులు పలుకుతాయి, కొన్ని పలకవు. 2012లో టోర్వాల్డ్స్ అంతటివాడు ఫిన్లాండ్‌లోని ఓ సభలో గ్రాఫిక్స్ చిప్పులు చేసే ఎన్విడియా కంపెనీని అందరి ముందూ దులిపేశాడు. పదేళ్ల తర్వాత, 2022లో ఆ కంపెనీ తన డ్రైవర్‌లో కెర్నల్ భాగాన్ని బహిరంగం చేసింది.

నాకు జరిగింది ఇంకొంచెం విచిత్రం. మోడల్ పేరు ఒకటే అయినా, ఏ నెలలో ఏ చిప్పు చవగ్గా దొరికితే అది లోపల పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే. నేను చదివినాయన దగ్గరున్న దానిలో ఒక వైఫై చిప్పు. నాకు వచ్చినదానిలో మరొకటి. అమ్మినవాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు విండోస్‌తో పనిచేస్తుందన్నారు, పనిచేసింది.

ముందు ఆ అమ్మాయి ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి ఫోన్ నెట్ ఇచ్చాను. దానికి లినక్స్‌లో వేరే డ్రైవర్ అక్కర్లేదు. ఆ వారం అలా గడిచింది. తర్వాత మూత విప్పి చూస్తే వైఫై కార్డు అగ్గిపెట్టెలో పట్టేంత ఉంది. రెండు స్క్రూలు, రెండు సన్నని తీగలు. పక్కా దుబాసీ ఉన్న వేరే కార్డు ఎనిమిది వందలకు దొరికింది. కొన్ని ల్యాప్‌టాప్‌లు కంపెనీ ఒప్పుకున్న కార్డు తప్ప మరొకటి పెడితే మొరాయిస్తాయి. ఇదైతే మొరాయించలేదు. డబ్బు నేనే పెట్టుకున్నాను. ఆయన ఇస్తానన్నా తీసుకోలేదు. అది నా చదువుకు కట్టిన ఫీజు.

ఆ తర్వాత ఎవరు కంప్యూటర్ అడిగినా నేను కొన్ని పనులు తప్పకుండా చేస్తున్నాను. మీ ఇంట్లోనూ పాత కంప్యూటర్ అటక ఎక్కడానికి సిద్ధంగా ఉంటే ఇవి పనికొస్తాయి.

ముందు, దానితో ఏం పని అని అడుగుతాను. కొన్ని వేలిముద్ర యంత్రాలకు, కొన్ని ఆన్‌లైన్ పరీక్షలకు విండోస్ సాఫ్ట్‌వేరే ఇస్తారు. అవి కావాలనేవాళ్లకు లినక్స్ అంటగట్టను. నా దుకాణంలోనే పాత పెళ్లిపత్రికల ఫైళ్లన్నీ యూనికోడ్ కాని ఫాంట్లలో ఉన్నాయి. వాటికోసం ఒక కంప్యూటర్‌ను విండోస్‌తోనే ఉంచాను, నెట్ తీసేసి. మిగతా రెండూ లినక్స్‌లోకి మారాయి.

రెండోది, కొనకముందే పెన్‌డ్రైవ్‌తో పరీక్ష. లినక్స్‌ను డిస్క్‌లో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. లోపలున్న విండోస్‌కు ఏమీ కాదు. వైఫై, శబ్దం, కెమెరా, బ్లూటూత్, తెర వెలుతురు తగ్గించే మీటలు అన్నీ చూస్తాను. మూత మూసి, ఐదు నిమిషాలాగి తెరుస్తాను. నిద్రపోయి లేవని ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. ఈ మధ్య సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినప్పుడు పెన్‌డ్రైవ్ తీస్తే ఒక దుకాణదారు వింతగా చూశాడు. ఇంకొకాయన మాత్రం కుర్చీ వేశాడు.

మూడోది, లోపలి చిప్పు పేరు. లినక్స్‌లో ఎల్ఎస్‌పీసీఐ, ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే రెండు ఆదేశాలు ఇస్తే పొట్టలోని భాగాల జాబితా అంతా చెబుతాయి. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి. ఇంటెల్ వైఫైకీ అంతే. మరీ నిన్నమొన్న మార్కెట్లోకి వచ్చినదానికంటే ఏడాది, రెండేళ్లు పాతదే మేలు. ఈలోగా దుబాసీ తయారై ఉంటాడు. మరీ పాతదీ వద్దు. 32 బిట్ ప్రాసెసర్లను లినక్స్‌లోనూ ఒక్కొక్కరే వదిలేస్తున్నారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు ఆ పాత యంత్రాల కోసం ఇన్‌స్టాలర్ లేదు.

నాలుగోది, ప్రింటర్. ఇక్కడే ఎక్కువమంది బోర్లాపడతారు. కొన్ని ప్రింటర్లు కంపెనీ సొంత డ్రైవర్ లేకపోతే అక్షరం ముక్క అచ్చువేయవు. ఎయిర్‌ప్రింట్ ఉన్నవాటికి లినక్స్‌లోనూ సాధారణంగా విడిగా డ్రైవర్ అక్కర్లేదు. పెట్టె మీద ఆ మాట కోసం చూడండి.

ఇదంతా చెబితే మా ఆవిడ "సంబంధం చూసినట్టు చూస్తున్నారే" అని నవ్వింది. నవ్వినా ఫరవాలేదు. ఒకరి రెండు నెలల కూలి మన చేతిలో పెట్టినప్పుడు ఆ మాత్రం చూడాలి.

సంక్రాంతి సెలవులకు ఆ అమ్మాయి దుకాణానికి వచ్చింది. హాస్టల్లో స్నేహితురాలు పాత ల్యాప్‌టాప్ కొంటుందట. "పెదనాన్నా, నీ పెన్‌డ్రైవ్ ఒకసారి ఇస్తవా? కొనకముందే పెట్టి చూడాలె" అంది. సొరుగులోంచి తీసిచ్చాను. వెనకే నిలబడ్డ వాళ్ల నాన్న నా వంక చూడలేదు గానీ, మీసాల చాటున నవ్వుకోవడం నాకు కనిపించింది.