పాత ఆయిల్ కింద నుంచా, పై నుంచా?

నేను 2001 నుండి 2006 దాకా మన హాస్టల్‌లోనే ఉండి పదో తరగతి పాసయ్యాను. తర్వాత ఐటిఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చేసి విజయవాడ ఆటోనగర్‌లో పనికి చేరాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. నాకు కవితలు రావు. తెలిసిన పని గురించే రాస్తున్నాను.

కారు ఇంజన్ ఆయిల్ మార్చేటప్పుడు పాతది తీయడానికి రెండు దారులున్నాయి. కారు కిందకు దూరి చాంబర్ అడుగున ఉన్న డ్రైన్ బోల్టు విప్పడం ఒకటి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నని పైపు దించి, మిషన్‌తో పైకి లాగడం రెండోది. దేనికైనా ముందు ఇంజన్ కాసేపు నడపాలి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి సరిగా దిగదు. మరీ కాగి ఉన్నప్పుడు బోల్టు విప్పితే మాత్రం చేతులు బొబ్బలెక్కుతాయి.

మా షెడ్డుకు మిషన్ వచ్చిన రోజు కుర్రాళ్లందరికీ పండగే. గుంతలో దిగక్కర్లేదు, బట్టలు పాడవవు. అల్యూమినియం చాంబర్‌కు బోల్టు మరీ బిగిస్తే త్రెడ్డు పోతుంది, ఆ భయమూ లేదు. కానీ మా మేస్త్రి గారు దాన్ని ముట్టుకునేవారు కాదు. వెనకాల అందరూ నవ్వుకునేవారు.

ఒకసారి ఒక టాక్సీ డ్రైవర్ హడావుడిగా వచ్చి "మిషన్ పెట్టెయ్యన్నా, కిరాయి ఉంది" అన్నాడు. మేస్త్రి గారు వినలేదు, నాతో బోల్టే విప్పించారు. ట్రేలో చివర పడిన ఆయిల్‌ను ఎండలోకి తెచ్చి చూస్తే సన్నటి మెరుపు రజను. "బేరింగులు అరుగుతున్నాయిరా" అన్నారు. బండి ఇంకా ఫైనాన్స్‌లో ఉంది, ఇద్దరు పిల్లల చదువు దాని మీదే. అతని ముఖం పాలిపోయింది. విప్పి చూస్తే ఆయన చెప్పిందే నిజం. క్రాంకు దాకా రాలేదు కాబట్టి బేరింగులతోనే సరిపోయింది.

మన సాంబారు గుర్తుందిగా? పైపైన గరిటె ముంచితే నీళ్లే, పప్పంతా అడుగునే. ఆయిల్‌లో రజను కూడా అంతే. పైపు కొస సరిగ్గా అడుగుకు తగలకపోతే అది అక్కడే ఉండిపోతుంది.

అలాగని మిషన్‌ను తీసిపారేయను. ఫిల్టరు పైనే ఉండి, పైపు అడుగు దాకా అందే కార్లకు అది బాగానే లాగుతుంది. ఎంత వచ్చిందో కొలిచి చూసుకుంటే చాలు. ఫిల్టరు కింద ఉన్న కారుకైతే ఎలాగూ దూరాల్సిందే, ఇక మిషన్ ఎందుకు? పైగా కిందకు వెళితే లీకులు, చిరిగిన రబ్బరు బూట్లు కూడా కంటబడతాయి.

తీసిన ఆయిల్‌ను కాలవలో పోయకండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి.

ఐటిఐ చేసి ఈ పనిలోకి రావాలనుకునే తమ్ముళ్లు సెలవుల్లో మా షెడ్డుకు రండి. పాత బట్టలు ఒక జత తెచ్చుకోండి.