మా ఊరి నామం

మా వీధిలో చీటీలు నడిపే పెద్దమనిషి ఒక తెల్లారుజామున ఇంటికి తాళం వేసి మాయమయ్యాడు. అక్క పెళ్లికని మా నాయన 40 నెలలు కట్టిన డబ్బు అందులోనే ఉంది. తాళం చూసి వచ్చి, అరుగు మీద కూలబడి, ‘నామం పెట్టేసినాడే!’ అన్నాడు నాయన. ఆయన నుదుటి మీద అప్పుడే పెట్టుకున్న నామం ఇంకా తడి ఆరలేదు. లోపల్నుంచి అవ్వ కోప్పడింది: ‘ఆ పాపిష్టోడు చేసిన పనికి స్వామి నామం ఏం చేసిందిరా?’

తిరుపతిలో పుట్టినవాణ్ని కదా, అవ్వ ప్రశ్న నన్ను వదల్లేదు. మోసానికి మనం వాడే మాటలు ఎన్నో మా కొండ దిగి వచ్చినట్టే ఉంటాయి. పంగనామం పెట్టాడు, శఠగోపం పెట్టాడు, గుండు కొట్టాడు. చివరికి డబ్బంతా గోవిందా! పొరుగువాళ్లూ తక్కువ తినలేదు. నగరి దాటితే తమిళులు, పలమనేరు దాటితే కన్నడిగులు కూడా మోసపోతే నామం పెట్టారనే అంటారు.

పంగ అంటే రెండుగా చీలిన కొమ్మ. పిల్లల పంగలకర్రలో ఉన్నదీ అదే. కింద కలిసి పైకి రెండుగా చీలే తెల్లగీతలు, మధ్యలో ఎర్రగీత... అదీ పంగనామం. మరి దానికి మోసమనే అర్థం ఎందుకు అంటింది? నాకు తోచేది ఇది. కొండకు నిండు జేబుతో వెళ్తాం. హుండీలో ముడుపు వేసి, కల్యాణకట్టలో జుట్టు ఇచ్చి, గుండుతో, నామంతో తిరిగొస్తాం. భక్తుడికి అది లాభం. చీటీ కట్టినవాడికి అదే మిగిలితే? ఆ వెటకారంలోంచే మాట పుట్టి ఉంటుంది.

శఠగోపం సంగతి ఇంకా చిత్రం. గుడిలో మన తల మీద ఆనించే ఆ కిరీటం పైన స్వామి పాదాలుంటాయి. నమ్మాళ్వార్‌కు ఉన్న శఠకోపుడనే పేరే దానికి వచ్చింది. శఠమనే వాయువును జయించాడు కనుక ఆయనకు ఆ పేరని వైష్ణవుల నమ్మకం. సంస్కృతంలో శఠుడంటే వంచకుడు కూడా. ఆ కిరీటానికే శఠారి అని ఇంకో పేరు. అంటే శఠానికి శత్రువు. మోసానికి శత్రువైన దాని పేరే మనం మోసానికి పెట్టుకున్నాం!

పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్న దేవుడు మా వడ్డికాసులవాడు. ఆ కాసులు కొలిచి కొలిచి అలసి, కొండ కింద గోవిందరాజస్వామి కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడంటారు. బాకీ ఎగ్గొట్టని దేవుడి గుర్తే ఎగవేతకు పేరైంది.

ఆ చీటీలో నాయన మాట నమ్మి చేరినవాళ్లు నలుగురు. అర ఎకరం చేను అమ్మి వాళ్ల డబ్బు పైసలతో సహా ఇచ్చేశాడు. అక్క పెళ్లి రెండేళ్లు ఆలస్యమైంది. ఆ తర్వాత ఎవరు ముంచినా నాయన ‘మోసం చేసినాడు’ అనేవాడే తప్ప, ఆ మాట మళ్లీ అనలేదు. నామం ఆయన నుదుటి మీదే ఉండేది.